ఇంజన్ వెనుక కూలెంట్ కారుతోంది, ఇంజన్ దించకుండా సరిచేయవచ్చా?

ప్రశ్న (పటమట, విజయవాడ)

అందరికీ నమస్కారం. మాది 2013 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. కొంతకాలంగా కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ట్యాంకులో మట్టం కింది గీత కంటే దిగిపోతోంది. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బానెట్ వైపు నుంచి తియ్యటి వాసన వస్తోంది కానీ, ఇంటి దగ్గర కారు నిలిపిన చోట నేల మీద ఒక్క చుక్క కూడా కనిపించడం లేదు. టార్చి వేసి చూస్తే ఇంజన్‌కూ ఫైర్‌వాల్‌కూ (ఇంజన్‌ను లోపలి సీట్ల భాగం నుంచి వేరుచేసే రేకు గోడ) మధ్య, గేర్‌బాక్స్ పైన గులాబీ రంగు మరక పొరలా ఎండి ఉంది. అక్కడికి చెయ్యి పోదు. ఒక గ్యారేజీలో ఏ పరీక్షా చేయకుండానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ దాని పైన ఉండే హెడ్‌కూ మధ్య సీలు) పోయిందని, ఇంజన్ దించాలని చెప్పారు. తెల్ల పొగ లేదు, ఇంజనాయిల్ రంగు మారలేదు, టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. రోజూ గుంటూరు వెళ్ళి రావలసినవాణ్ణి, ఎండలు ముదిరేలోపు దీనికి దారి చూపగలరు.

సమాధానం (ఆటోనగర్, విజయవాడ)

మీరు చెప్పిన లక్షణాలను బట్టి హెడ్ గ్యాస్కెట్‌ను ఇప్పుడే అనుమానించనక్కర్లేదండి. మరక ఉన్న చోటే లీకు ఉందని కూడా అనుకోకండి. కూలెంట్ పైనెక్కడో బయటపడి, ఇంజన్ బ్లాకు వెంట జారి, ఆ వేడికి అక్కడే ఆరిపోతుంది కాబట్టే నేల మీద చుక్క పడటం లేదు.

ముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక ట్యాంకు మూత స్థానంలో గేజు ఉన్న చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడికి మించకుండా గాలి ఎక్కిస్తారు. చాలా కార్లలో అది 1 నుంచి 1.5 బార్ మధ్య ఉంటుంది. ముల్లు దిగుతూ ఉంటే ఎక్కడో కారుతున్నట్టే. చల్లటి ఇంజన్ మీద కారిన కూలెంట్ ఆవిరి కాదు, తడిగానే నిలుస్తుంది కాబట్టి నింపాదిగా వెతకవచ్చు. బ్యాటరీ, దాని ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే చాలా కార్లలో వెనక్కి చెయ్యి పట్టేంత చోటు వస్తుంది. మిగిలినది చిన్న అద్దంతోనో, ఫోనుకు తగిలించే తీగ కెమెరాతోనో చూడవచ్చు. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) హౌసింగ్ అతుకు, హీటర్ హోసులు ఫైర్‌వాల్‌లోకి దూరే చోటు, ఇంజన్ వెనుక ఇనుప నీటి పైపు చివర ఉండే ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు), ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచేది) గొట్టాలు, ఈ క్రమంలో చూడమనండి.

ఏళ్ళ తరబడి వేడికి గురైన ఓ-రింగు గుండ్రతనం పోయి పలకబారుతుంది, వంచితే పగులుతుంది. కొత్తది వేసేటప్పుడు గాడిలోని తుప్పును నున్నగా శుభ్రం చేసి, రింగుకు గ్రీజు కాకుండా కూలెంట్ రాసి ఎక్కించాలి, ఎందుకంటే ఇలాంటి రింగులకు ఎక్కువగా వాడే రబ్బరు మామూలు గ్రీజుకు ఉబ్బిపోతుంది. హోసు క్లిప్పు చెవులు పైనుంచి ప్లయర్‌కు అందే దిశలో తిప్పి పెట్టమని చెప్పండి, రేపు మళ్ళీ విప్పవలసివచ్చినా అవస్థ ఉండదు.

సమాధానం (గుంటూరు)

పై సలహా సరైనది. ఈలోపు లీకును ఆపుతుందని ఎవరైనా పొడి గాని ద్రావణం గాని పోస్తామంటే దయచేసి ఒప్పుకోకండి. అది హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) లోని సన్నని దారుల్లో పేరుకుని మరో ఖర్చు తెస్తుంది. మన బోరు నీళ్ళు కూడా పోయవద్దు, వాటిలోని లవణాలు లోపల గట్టి పొరగా కడతాయి. గాఢ కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి, కలిపి అమ్మేదైతే నీళ్ళు అక్కర్లేదు. రంగు చూసి కొనకండి, కారు పుస్తకంలో రాసిన రకమే తీసుకోండి. తీసేసిన పాత కూలెంట్‌ను ఆరుబయట ఉంచవద్దు. తియ్యగా ఉంటుందని కుక్కలు తాగుతాయి, అది వాటికి ప్రాణాంతకమైన విషం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్రెషర్ టెస్ట్‌లో ముల్లు నిలవలేదు. అద్దం పెట్టి చూస్తే వెనుక నీటి పైపు ఇంజన్‌లోకి దూరే చోట చెమటలా తడి ఊరుతూ కనిపించింది. బ్యాటరీ ట్రే విప్పి ఓ-రింగు మార్చారు, హెడ్ జోలికి పోలేదు. మళ్ళీ ఒత్తిడి ఎక్కిస్తే ముల్లు కదలలేదు. అయితే ఇప్పుడు హీటర్ వేస్తే చల్లగాలి వస్తోంది. ఇది కొత్త సమస్యా?

సమాధానం (ఆటోనగర్, విజయవాడ)

లోపల గాలి చిక్కుకున్నట్టుందండి. చల్లని ఇంజన్ మీద ట్యాంకు మట్టం సరిచూసి, గాలి వదిలే స్క్రూ మీ కారులో ఉంటే దాన్ని వదులు చేసి, బుడగలు లేని ధార వచ్చేదాకా మెల్లగా కూలెంట్ పోసి స్క్రూ బిగించాలి. తర్వాత హీటర్‌ను పూర్తి వేడి మీద పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజన్‌ను ఐడిల్‌లో నడపండి. టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతే వెంటనే ఆపేయండి, వేడి మీద మాత్రం మూత తీయకండి. చల్లారాక మట్టం తగ్గితే నింపి, మొదటి వారం రోజూ ఉదయం బండి తీసేముందు ఒకసారి చూసుకోండి.