నార్కోలెప్సీ జన్యు పరిశోధన: విరాళం దేనికి పెట్టాలి?

ప్రశ్న: టైప్-1 నార్కోలెప్సీ (మెలకువను నిలిపే హైపోక్రెటిన్ అనే మెదడు రసాయనం తగ్గి, పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) ఆటోఇమ్యూన్ జబ్బేనా, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత కణాలపైనే దాడిచేయడం వల్ల వచ్చేదేనా అని తేల్చే జన్యు పరిశోధనకు మా రోగుల సంఘం నిధులివ్వాలనుకుంటోంది. ప్రతిపాదనల్లో ఏం చూడాలండీ?

జవాబు: ముందు పోల్చే గుంపు చూడండి. హెచ్‌ఎల్‌ఏ డీక్యూబీ1*06:02 అనే రోగనిరోధక జన్యు రకం ఈ రోగుల్లో దాదాపు అందరికీ ఉంటుంది, ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి ఉంటుంది. పోల్చడానికి తీసుకునే ఆరోగ్యవంతులూ ఆ రకం ఉన్నవాళ్లే కావాలి, లేదంటే దాని ప్రభావంలో మిగతా జన్యువులు కనపడవు. 2009లో టీ-కణ (ఒక రకం రోగనిరోధక కణం) గ్రాహక ఆల్ఫా జన్యువు పాత్ర బయటపడింది ఈ పద్ధతిలోనే.

జవాబు: జబ్బు కొత్తగా మొదలైనవాళ్ల రక్తానికే ఎక్కువ పెట్టండి. డీఎన్‌ఏకైతే ఈడీటీఏ ట్యూబ్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మామూలు గొట్టం) చాలు. టీ-కణాలను మాత్రం 24 గంటల్లోపు వేరుచేసి ద్రవ నైట్రోజన్‌లో దాచాలి, ఆలస్యమైతే చచ్చిపోతాయి. ఆ నిల్వ ఖర్చు బడ్జెట్‌లో తరచూ మర్చిపోతారు!

జవాబు: టైప్-2 వాళ్లను (హైపోక్రెటిన్ తగ్గని రకం నార్కోలెప్సీ ఉన్నవాళ్లను) కలపనివ్వకండి. అందుకు రోగుల వెన్నుద్రవంలో హైపోక్రెటిన్ మిల్లీలీటరుకు 110 పికోగ్రాములు మించకూడదని షరతు రాయించండి.