పాత నాయకత్వ సిద్ధాంతాలు నేటి బృందాలకు సరిపోతాయా?

ప్రశ్న:
తొమ్మిది మంది బృందానికి ఈమధ్యే బాధ్యత తీసుకున్నాను. ఆరుగురు ఇంటి నుంచే పనిచేస్తారు; ముగ్గురు నాకంటే అనుభవజ్ఞులు. శిక్షణలో నాయకత్వంపై పరిశోధించిన లెవిన్, మెక్‌గ్రెగర్, ఫీడ్లర్‌ల సిద్ధాంతాలు చదివించారు. అందరూ ఒకే కప్పు కింద, పైఅధికారి కళ్లెదుట పనిచేసిన కాలంలో పుట్టిన ఆ ఆలోచనలు, రోజుల తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోని మా వంటివారికి ఏ మేరకు పనికొస్తాయి?

జవాబు 1:
తీసిపారేయకండి. 1930ల చివర్లో లెవిన్, లిప్పిట్, వైట్ కలిసి పదేళ్ల బాలుర బృందాలపై చేసిన ప్రయోగాల్లో, నాయకుడు గదిలోంచి బయటికి వెళ్లగానే, ఆజ్ఞలతో నడిచిన బృందాల్లో పని బాగా పడిపోయింది. చర్చించి నిర్ణయాలు తీసుకున్న బృందాల్లో దాదాపు మునుపటిలాగే సాగింది. మీ బృందానికి నాయకుడు ఎప్పుడూ గది బయటే ఉంటాడు కదా! అందుకే ఆ పాత ప్రయోగం కార్యాలయాల కంటే మీకే దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది.

జవాబు 2:
పై మాటతో పూర్తిగా ఏకీభవించలేను. జీతమూ గడువూ లేని పిల్లల సంఘాలవి. అక్కడి ఫలితాన్ని ఉద్యోగులకు యథాతథంగా అన్వయించడం తొందరపాటు. నా దృష్టిలో నేటికీ పదును తగ్గనిది 1960లో మెక్‌గ్రెగర్ చెప్పిన మాట: మనుషులు పని తప్పించుకుంటారని నమ్మే అధికారి నిఘా పెడతాడు, నిఘాలో ఉన్నవారు చొరవ మానేస్తారు, దాంతో అతని నమ్మకం మరింత బలపడుతుంది. ఉద్యోగి కీబోర్డు ఎన్నిసార్లు నొక్కాడో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ వెనుక ఉన్నది ఆ నమ్మకమే.

ఫీడ్లర్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. నాయకుడి శైలి పరిస్థితికి సరిపోతేనే ఫలిస్తుందన్నది ఆయన వాదన; బృందంతో సంబంధాలు, పనిలోని స్పష్టత, పదవి ఇచ్చే అధికారం అనే మూడింటితో ఆ పరిస్థితిని తూచారు. ఒకే ఉద్యోగి ఇద్దరు అధికారులకు జవాబుదారీగా ఉండే సంస్థల్లో ఆ మూడోది ఎవరి చేతిలో ఉందో చెప్పడమే కష్టం.

జవాబు 3:
మీ ముగ్గురు అనుభవజ్ఞుల గురించి ఎవరూ మాట్లాడలేదు. నైపుణ్యం, అనుభవం, పని నుంచే నేరుగా తెలిసే ఫలితం వంటివి ఉన్నచోట నాయకుడి నిర్దేశాల అవసరం తగ్గుతుందని కెర్, జెర్మియర్ అనే పరిశోధకులు 1978లోనే వాదించారు. వారికి పని నేర్పబోకండి. దారిలోని అడ్డంకులు తొలగించండి. పుట్టుకతో వచ్చే లక్షణాలే నాయకుణ్ణి చేస్తాయన్న భావనను మాత్రం నిస్సంకోచంగా వదిలేయవచ్చు; లక్షణాలొక్కటే చాలవని, అప్పటివరకు వచ్చిన నాయకత్వ అధ్యయనాలపై 1948లో స్టాగ్‌డిల్ అనే పరిశోధకుడు చేసిన సమీక్ష తేల్చింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆ ముగ్గురినీ నేను రోజూ నివేదిక అడుగుతున్నాను. దానివల్ల నాకు ధైర్యం వచ్చిందే తప్ప పనికి ఒరిగిందేమీ లేదని ఇప్పుడు అర్థమవుతోంది. రేపటి నుంచి దాన్ని ఆపి, వారి పనికి ఏది అడ్డొస్తోందో అడుగుతాను. కొత్తగా చేరిన ఇద్దరితో మాత్రం ప్రతి ఉదయం మాట్లాడటం కొనసాగిస్తాను, ఎందుకంటే ఆ మాటలు కావాలని అడిగింది వారే.