చెద్దర్లు పంచడం మానేద్దామా? క్రిస్మస్ ఎపిసోడ్ చూశాక వచ్చిన సందేహం

పాలమూరు_జిరాక్స్:

అందరికీ నమస్తే. మాది దేవరకద్ర దగ్గర పల్లె. పదకొండేళ్లుగా మహబూబ్‌నగర్ బస్టాండ్ దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. రాత్రి షట్టర్ సగం దించి, లెక్క చూసుకుంటూ ఫోన్‌లో ‘ఫ్రెండ్స్’ అనే అమెరికా కామెడీ సీరియల్ పెట్టుకోవడం నాకు అలవాటు. మొన్న ఐదో సీజన్‌లోని క్రిస్మస్ ఎపిసోడ్ వచ్చింది. 1998 డిసెంబరు నాటిది. అందులో ఫీబీ అనే అమ్మాయి న్యూయార్క్ వీధిలో నిలబడి, గంట వాయిస్తూ, పేదల కోసం బకెట్‌లో డబ్బులు వసూలు చేస్తుంది. మొదట ఎంతో సంతోషంగా ఉంటుంది. జనం ఆ బకెట్‌ను చెత్తబుట్టలాగా వాడతారు, తాగి మిగిలింది అందులో పోస్తారు. ఆమెకు ఒళ్లు మండి, వచ్చేపోయేవాళ్ల మీద గొంతు పెంచుతుంది. చివరికి ఎవరో పడేసిన సిగరెట్‌కు బకెట్ అంటుకుంటుంది. అందరూ నవ్వే సీనే. నాకు మాత్రం మా ఆటో దోస్తు గుర్తొచ్చి, ఫోన్ ఆపేసి కూర్చున్నాను.

సంగతి ఏమిటంటే, మేం నలుగురం దోస్తులం. ఇద్దరు చర్చికి పోతారు, ఒకడు నమాజుకు, నేను మన్యంకొండ గుడికి. ఐదేళ్లుగా డిసెంబరు 24 రాత్రి, చర్చిలో ఆరాధన అయిపోయాక, ఆటోలో చెద్దర్లు వేసుకుని బస్టాండ్, రైల్వే స్టేషన్, క్లాక్ టవర్ దిక్కు తిరిగి పంచుతాం. పోయినసారి ఒక్కోటి 180 రూపాయల చొప్పున 40 కొన్నాం. మాలో ఎవరూ ఉన్నోళ్లు కాదు. ఆటో దోస్తు ఆ నెల కిస్తీ ఆపి మరీ తన వాటా ఇచ్చాడు.

జనవరి మొదటివారంలో, పొద్దున ఆరింటికి, స్టేషన్ బయట ఒక పెద్దయ్య గోనెసంచి కప్పుకుని వణుకుతున్నాడు. మేం చెద్దరు ఇచ్చిన మనిషే. మా వాడు ఆటో ఆపి, పదిమంది ముందు “అమ్ముకున్నవా? ఎంతకు అమ్ముకున్నవ్?” అని అరిచాడు. పెద్దయ్య ఒక్క మాట మాట్లాడలేదు. సంచి తీసి మడతపెట్టుకుని, కుంటుకుంటూ లేచి పోయాడు. ఆ మడతపెట్టడం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. నాలుగు మూలలూ సరిచేసి, ఇంట్లో చెద్దరు మడిచినట్టే మడిచాడు.

ఆ రోజు నుంచి మా వాడు ఈ పనికి రానంటున్నాడు. “నా పిల్లల నోటికాడిది తీసి ఇస్తే వాళ్లు కల్లుకు పోసుకుంటరు” అంటాడు. నాతో కూడా మాట తగ్గించాడు. డిసెంబరు వచ్చేసింది, ఇంకా పైసలు పోగు చేయలేదు. నేను అడిగేది రెండు సంగతులు. పంచడం మానేయాలా, లేక పంచే పద్ధతి మార్చుకోవాలా? మా వాణ్ని మళ్లీ ఎట్లా కలుపుకోవాలి?

నల్లగొండ_సిస్టర్:

తమ్ముడూ, నేను నల్లగొండలో స్టాఫ్ నర్సును. క్యాజువాలిటీలో ఇట్లాంటివాళ్లను ఏళ్లుగా చూస్తున్నాను. చెద్దరు పోయిందంటే అమ్ముకున్నట్టే అనుకోకు. రాత్రి కప్పుకున్నది పగలంతా ఎక్కడ పెట్టుకోవాలి? చంకలో పెట్టుకుని తిరిగితే హోటల్ ముందు నిలబడనియ్యరు. గోడ పక్కన పెట్టిపోతే తెల్లారి ఊడ్చేవాళ్లు చెత్తబండిలో వేస్తారు. నిద్రపోతుంటే మీది నుంచి గుంజుకుపోయేవాళ్లున్నారు. వానకు తడిస్తే ఆరేసుకునే దండెం కూడా ఉండదు. ఒకవేళ అమ్ముకున్నాడే అనుకో. ఆ పూట ఆకలో, నొప్పి గోలీయో చలికంటే పెద్దదై ఉంటుంది. ఇచ్చేశాక అది అతనిది.

‘కుంటుకుంటూ’ అని రాశావు చూడు, నేనైతే అక్కడే ఆగాను. చలికాలంలో షుగర్ ఉన్నవాళ్ల కాళ్లు పగిలి పుండ్లవుతాయి. నొప్పి తెలియదు, చీము పట్టేదాకా రారు. ముందు కాలు చూపించండి.

ఇంకొకటి. పట్టణాల్లో ఇల్లు లేనివాళ్లకు షెల్టర్ ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ అప్పట్లో పెట్టిన లెక్క ప్రకారం లక్ష జనాభాకు ఒకటి చొప్పున, వందమందికి సరిపడేది కావాలి. మన దగ్గర ఈ పని మెప్మా, అంటే పట్టణ పేదల కోసం ఉన్న సర్కారు సంస్థ చూస్తుంది. మున్సిపల్ ఆఫీసుకు పోయి అడుగు, ఒకసారి కాదనిపిస్తే మళ్లీ అడుగు. షెల్టర్‌లో చేరితే పడుకునే చోటు ఒక్కటే కాదు, చిరునామా కూడా దొరుకుతుంది. గుర్తింపు ఉన్న షెల్టర్ నిర్వాహకులు ఇచ్చే సర్టిఫికెట్ ఆధార్‌కు పనికొస్తుంది. ఆధార్ ఉంటేనే సర్కారు పింఛన్‌కు దారి. నీది ఆన్‌లైన్ సెంటర్ కదా, 40 చెద్దర్లకంటే నువ్వు నింపే ఒక్క ఫారం ఎక్కువ రోజులు కప్పుతుంది. ముసలివాళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. మతి తప్పి తిరిగేవాళ్లు కనిపిస్తే పోలీసులకు చెప్పు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వాళ్లను ఆస్పత్రికి చేర్చే బాధ్యత పోలీసులదే.

సీరియల్_పిచ్చి_సూర్యాపేట:

అన్నా, అదే సీరియల్ మొదటి సీజన్ మూడో ఎపిసోడ్ మళ్లీ చూడు. బ్యాంకువాళ్లు పొరపాటున వేసిన వెయ్యి డాలర్లను, దాంతోపాటు వచ్చిన ఫుట్‌బాల్ ఆకారం ఫోన్‌ను ఫీబీ తీసుకుపోయి వీధిలో ఉండే లిజీకి ఇచ్చేస్తుంది. లిజీ ఊరికే తీసుకోదు, బదులుగా ఏదైనా చేస్తానంటుంది. సరే, ఒక సోడా కొనిపెట్టు, లెక్క సరిపోతుంది అంటుంది ఫీబీ. నాకు ఆ సీన్ ప్రాణం. ఆమెను పేరు పెట్టి పిలుస్తుంది, ఆమె చేతి సోడా తీసుకుంటుంది. ఫీబీ కూడా పద్నాలుగేళ్లకే వీధిన పడ్డ పిల్ల కదా, తీసుకునేవాళ్ల మనసు ఆమెకు తెలుసు. మీరు ఐదేళ్లుగా పంచుతున్నారు, ఆ పెద్దయ్య పేరేంటి అన్నా? తప్పు పట్టడానికి కాదు, నిజంగా అడుగుతున్నా.

నారాయణపేట_కొడుకు:

అన్నా, మా నాయన బొంబాయిలో పన్నెండేళ్లు మట్టిపని చేశాడు. పాలమూరు లేబర్ అంటే తెలియని ఊరుందా? సంక్రాంతి దాటితే మా ఊళ్లో ముసలోళ్లు, బడిపిల్లలే మిగిలేవాళ్లు. మొదటి రెండేళ్లు నాయన ఫుట్‌పాత్ మీదే పడుకున్నాడట. ఆయన ఇప్పటికీ తలుచుకునేది అన్నం పెట్టినవాళ్లను కాదు. ఒక ఇస్త్రీ దుకాణపాయన పగటిపూట మూట లోపల పెట్టుకోనిచ్చాడు. “ఆ మూట పదిలంగ ఉంటే మనిషి పనిల మనసు పెడతడు బిడ్డా” అంటాడు. మన ఊళ్ల జనం వేరే ఊళ్ల ఫుట్‌పాత్‌ల మీద బతికి వచ్చినవాళ్లే. మీ దోస్తుకు ఈ సంగతి చెప్పు. వాళ్లింట్లో కూడా ఎవరో ఒకరు పోయే ఉంటారు. ఆయన చెడ్డవాడు కాదన్నా. కిస్తీ ఆపి ఇచ్చినవాడికి అంత కోపం రావడం నాకు అర్థమవుతుంది.

పాలమూరు_జిరాక్స్:

వారం తర్వాత రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. సూర్యాపేట తమ్ముడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆదివారం పొద్దున పోయి, పెద్దయ్య పక్కన కూర్చుని పేరడిగాను. చెప్పాడు. మక్తల్ దిక్కు మనిషి. పేరు ఇక్కడ రాయను, ఆయన్ను అడగలేదు కాబట్టి. చెద్దరు ఏమైందని కూడా అడగలేదు. ఏం కావాలె అంటే, యూరియా బస్తా మూట చూపించి, “ఇది పొద్దుమూకే దాకా నీ దుకాణంల పెట్టుకోనిస్తవా?” అన్నాడు. నారాయణపేట తమ్ముడూ, ఆ మాట విని నీ రాత గుర్తొచ్చి నోట మాట రాలేదు. మూటలో ఒక స్టీలు గిన్నె, సగం అరిగిన సబ్బు, ప్లాస్టిక్ కవర్లో ఎక్స్‌రే. అది మడతపడి మధ్యలో తెల్లటి గీత పడింది. అది తడవకూడదని ఆయన రంది.

సిస్టర్, మీరన్నట్టే మడమ కింద పుండు ఉంది. మా ఆటో దోస్తుకు ఫోన్ చేసి, ఎవరి కోసమో దాచకుండా చెప్పాను. ఏమీ అనకుండా పెట్టేశాడు. పది నిమిషాలకు ఆటో వచ్చి ఆగింది. జనరల్ ఆస్పత్రిలో కట్టు కట్టి, షుగర్ ఉందన్నారు, గోలీలు ఇచ్చారు. బయటికి వచ్చాక పెద్దయ్య రొండిన దోపుకున్న చిల్లర తీసి మూడు చాయ్‌లు చెప్పాడు. మా వాడు జేబులో చెయ్యి పెట్టబోతే పట్టుకుని ఆపాను. వాడు గ్లాసు తీసుకున్నాడు, చాలాసేపు ఊదుకుంటూ తాగాడు. తర్వాత “పెద్దయ్యా, ఆ రోజు నోరు జారిన” అన్నాడు. ఆయన “సల్లారుతది, తాగు” అన్నాడు.

ఈసారి చెద్దర్లు అడిగినవాళ్లకే కొంటున్నాం. మిగతా పైసలు మందులకు, సాక్సులకు. షెల్టర్ సంగతి కనుక్కోవడానికి సోమవారం నేనూ మా వాడూ కలిసి మున్సిపల్ ఆఫీసుకు పోతున్నాం. మూట ఇప్పుడు నా దుకాణంలో లామినేషన్ మిషన్ కింద ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి తీసుకుంటాడు. అంతకుముందు ఎనిమిదికే దుకాణం కట్టేసేవాణ్ని, ఇప్పుడు ఆయన వచ్చిపోయాకే షట్టర్ దించుతున్నాను.