అమ్మానాన్నల ఇంటికి కార్డ్‌లెస్ ఫోను కొనాలా, తీగ ఫోనే ఉంచాలా?

కొండ కింద ఊరు

దేవరకొండకు అవతల ఒక పల్లెలో మా అమ్మానాన్నలు ఇద్దరే ఉంటారు. నేను పుణెలో, అన్నయ్య నల్లగొండలో. పాత రాగి తీగ లైను తీసేసి ఈ మధ్యనే ఫైబర్ ఇచ్చారు. నంబరు పాతదే. మోడెం వెనక ఉన్న ఫోను సాకెట్‌కు ఎప్పటిదో ఎర్ర రంగు తీగ ఫోను తగిలించి ఉంది. అది ముందు గదిలో మోగుతుంది, అమ్మ వెనక వంటింట్లో ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో ఆమె వచ్చేసరికి రింగు ఆగిపోతుంది. తిరిగి చేస్తే మళ్లీ అదే కథ. కార్డ్‌లెస్ కొనిద్దామని నేను, వద్దని అన్నయ్య. కరెంటు పోతే అది బొమ్మతో సమానం, తీగ ఫోను మాత్రం చీకట్లోనూ పనిచేస్తుందని ఆయన పట్టు. అనుభవం ఉన్నవారు తేల్చండి.

విశ్రాంత లైన్‌మన్

అమ్మా, మీ అన్నయ్య చెప్పేది రాగి తీగ కాలం నాటి నిజం. అప్పుడు ఎక్స్చేంజిలోని బ్యాటరీల నుంచి సుమారు 48 వోల్టుల డీసీ మీ గోడ దాకా వచ్చేది. ఫోను దాంతోనే బతికేది. గాలివానకు ఊరంతా కరెంటు పోయినా డయల్ టోన్ ఉండేది, కాబట్టి తీగ ఫోనుకు ఆ గౌరవం దక్కింది. స్తంభం ఎక్కి తీగలు కలిపిన చేతులు నావి, దాని విలువ నాకు తెలుసు.

ఫైబర్ గాజు పోగు. అందులో వెలుగు వస్తుంది, కరెంటు రాదు. ఎర్ర ఫోనుకు కావలసిన వోల్టేజిని, రింగును ఇప్పుడు మీ ఇంట్లోని మోడెమే తయారు చేస్తోంది. మోడెం ఆరిపోతే తీగ ఫోను కూడా ఆరిపోతుంది. కాబట్టి కరెంటు పోవడం ఒక్కటే కారణమైతే మీ అన్నయ్య వాదన నిలవదు. రెండు ఫోన్లకూ ఒకటే గతి. ఇన్వర్టర్ ఉందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న.

సోల్డరింగ్ పొగ

కరెంటు సంగతి పెద్దాయన తేల్చేశారు. అయినా నా ఓటు తీగ ఫోనుకే. మిర్యాలగూడలో ఎలక్ట్రానిక్ సామాను బాగుచేసే పని నాది. కార్డ్‌లెస్ పట్టుకొచ్చే వాళ్లలో ఎక్కువ మందికి ఫోను చెడిపోయి ఉండదు. సెల్లులు చచ్చిపోయి ఉంటాయి, లేదంటే ఛార్జింగ్ రేకులకు మసి పట్టి ఉంటుంది.

హ్యాండ్‌సెట్ వెనక మూత తీస్తే రెండు సన్న పెన్సిల్ సెల్లులు ఉంటాయి. చూడటానికి గడియారం సెల్లుల్లాగే ఉంటాయి కానీ అవి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు, ఒక్కోటి 1.2 వోల్టులు, మళ్లీ మళ్లీ ఛార్జి అయ్యేవి. ఒకటి రెండేళ్లకు వాటి పట్టు తగ్గుతుంది. రెండు నిమిషాలు మాట్లాడగానే కూతపెట్టి ఆగిపోతుంది. అప్పుడు ఊళ్లో ఏం చేస్తారు? కిరాణా కొట్టులో మామూలు సెల్లులు కొని వేస్తారు. మొదట బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తర్వాత బేస్ మీద, అంటే లైను తీగ తగిలించి ఉండే ఛార్జింగ్ పెట్టె మీద, పెట్టగానే ఛార్జి కాకూడని సెల్లులోకి కరెంటు ఎక్కుతుంది, వేడెక్కి కారుతుంది, ఆ ద్రవం స్ప్రింగులను తినేస్తుంది. నా బల్ల మీదికి వచ్చేది అప్పుడే.

తీగ ఫోనుకు ఈ బాధలేవీ లేవు. రిసీవర్‌కు వెళ్లే మెలికల తీగ పాడైతే వేరేది గుచ్చడమే. దగ్గర ఎవరూ లేని ముసలివాళ్ల ఇంట్లో తక్కువ పని పెట్టే వస్తువే ఉండాలి.

జడ్చర్ల కోడలు

మీ బల్ల మీదికి చెడిపోయినవే వస్తాయి సార్, బాగా పనిచేసేవి మా ఇళ్లలో ఉంటాయి. ఆ లెక్కన డాక్టరును అడిగితే ఊరంతా రోగులే అంటాడు.

మా అత్తగారికి డెబ్బై దాటాయి. రింగు వినగానే చేతిలో పని వదిలేసి గబగబా లేచేవారు. పట్టీలు లేని మెట్టు, తడి బండలు, పైగా ఆ కంగారు. నాకు భయమంతా అక్కడే. ఒక బేస్, రెండు హ్యాండ్‌సెట్‌లు ఉన్న సెట్టు తెచ్చాం. ఒకటి వంటింట్లో, ఒకటి ఆమె మంచం పక్కన. రెండో హ్యాండ్‌సెట్‌కు ఫోను తీగ అక్కర్లేదు, ఛార్జింగ్ తొట్టికి కరెంటు ప్లగ్గు ఉంటే చాలు. స్నానానికి వెళ్లేటప్పుడు కూడా తలుపు పక్కన స్టూలు మీద పెట్టుకుంటారు. తీగ ఫోను ఆ పని చేయగలదా?

ఎక్కడో పెట్టి మరిచిపోతారన్న మాట నిజమే. బేస్ మీద ఉన్న బొత్తాం నొక్కితే హ్యాండ్‌సెట్ మోగుతుంది, దిండు కింద నుంచో బియ్యం డబ్బా వెనక నుంచో బయటపడుతుంది. సెల్లు పూర్తిగా అయిపోతే మాత్రం మోగదు, అందుకే రాత్రి తొట్టిలో పెట్టడం అలవాటు చేయాలి. మాకు ఇబ్బంది పెట్టింది గోడలు. మాది పాత రాతి ఇల్లు, గోడలు బాగా మందం. పెట్టె మీద బయట 300 మీటర్లు, ఇంట్లో 50 మీటర్లు అని ఘనంగా రాశారు, పెరట్లోకి రెండడుగులు వేస్తే మాట తెగిపోయేది. బేస్‌ను ముందు గది మూల నుంచి నడవలోకి, కాస్త ఎత్తులో మార్చాక సర్దుకుంది.

తరంగం

గోడలే కాదు, మోడెం పక్కనే బేస్ పెట్టడం కూడా ఇబ్బందే. మన దగ్గర అమ్మే కార్డ్‌లెస్‌లలో చాలా వాటి మీద 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటుంది. వైఫై పనిచేసేదీ ఆ రేడియో తరంగాల పట్టీలోనే, మైక్రోవేవ్ ఓవెనూ అక్కడే. బేస్, మోడెం పక్కపక్కన ఉంటే ఫోనులో మాట ముక్కలవుతుంది, లేదా వైఫై నెమ్మదిస్తుంది. ఫోను తీగ కాస్త పొడుగుది తీసుకుని బేస్‌ను మోడెంకు రెండు మూడు మీటర్ల దూరం జరపండి. మోడెంలో 5 గిగాహెర్ట్జ్ సదుపాయం ఉంటే మొబైళ్లను అందులోకి మార్చండి.

మరో మాట. అమెరికా నుంచి ఎవరైనా వచ్చేటప్పుడు 'డెక్ట్ 6.0' (అక్కడి కార్డ్‌లెస్ రకం) అని రాసి ఉన్న సెట్టు తెమ్మని మాత్రం చెప్పకండి.

ఒకే మాట

మా అబ్బాయి డాలస్ నుంచి అదే తెచ్చాడు. నాణ్యత చూడాలి, పక్క గదిలో మాట్లాడినట్టు ఉంటుంది. ఇక్కడి వాటి కంటే వెయ్యి రెట్లు నయం.

అసలు నాకు ఈ చర్చే అర్థం కాదు. పెద్ద బొత్తాల కీప్యాడ్ మొబైల్ ఒకటి కొనిచ్చి కొంగుకు కట్టుకోమంటే సరిపోదా? ఒకసారి ఛార్జి చేస్తే రోజుల తరబడి ఉంటుంది, కరెంటు లేకున్నా మోగుతుంది. ల్యాండ్‌లైన్ మీద ఇంత ప్రేమ ఎందుకు?

తరంగం

మీకు బాగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. చిక్కు మీకు కాదు, ఇరుగుపొరుగుకు. అమెరికా డెక్ట్ ఫోన్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. 3జీ మొబైళ్లు టవరుకు సంకేతం పంపేందుకు కేటాయించిన పట్టీ 1920 నుంచి 1980 దాకా. మీ బేస్ ఆ తలుపులో అడ్డంగా నిలబడి కేకలు పెడుతున్నట్టే. అందుకే ఆ సెట్లకు ఇక్కడ అనుమతి లేదు. ఐరోపా డెక్ట్ వేరు, అది 1880 నుంచి 1900 దాకా. ఇంకొకటి, అక్కడి అడాప్టర్లలో చాలా వాటి మీద 120 వోల్టులు అని మాత్రమే ఉంటుంది. మన 230కి తగిలిస్తే పొగ చూస్తారు. మీది ఇంకా కాలలేదంటే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఉంటారు.

కొండ కింద ఊరు

కీప్యాడ్ మొబైల్ ఉంది ఒకేమాట గారూ. ఇంట్లో సిగ్నల్ గీతలు ఒకటి ఉంటే ఒకటి పోతాయి. డాబా ఎక్కితే అందుతుంది, అమ్మ డాబా ఎక్కలేదు. వైఫై మీద కాల్స్ దానికి రావు, అందుకు తాకే తెర ఫోను ఉంది. నాన్న దాన్ని ఎత్తబోయి ప్రతిసారీ కట్ చేస్తారు. ప్రేమ కాదండీ, గతిలేక.

విశ్రాంత లైన్‌మన్

ఇంత వాదన ఎందుకమ్మా, రెండూ పెట్టుకోండి. పదుల రూపాయల్లో దొరికే రెండు నోళ్ల సాకెట్ ఒకటి మోడెంకు తగిలించి, ఒక వైపు కార్డ్‌లెస్ బేస్, రెండో వైపు ఎర్ర ఫోను. రెండు ఫోన్లను మోయడం మోడెంకు సాధారణంగా కష్టం కాదు.

దీనివల్ల పెద్ద లాభం తప్పు ఎక్కడుందో తెలియడం. కార్డ్‌లెస్ పలకడం లేదని అమ్మ చెప్పిందనుకోండి. ఎర్ర ఫోను ఎత్తమనండి. డయల్ టోన్ వస్తే లైను బాగున్నట్టే, తప్పు కార్డ్‌లెస్‌ది. రాకపోతే సాకెట్ తీసేసి ఎర్ర ఫోనును నేరుగా మోడెంకు గుచ్చమనండి. అప్పుడూ రాకపోతే మోడెం మీద దీపాలు చూడాలి, ఎర్ర దీపం వెలుగుతుంటే ఫిర్యాదు చేయడమే. ఇక కార్డ్‌లెస్‌దే తప్పని తేలితే బేస్ అడాప్టర్ తీసి మళ్లీ పెట్టాలి. హ్యాండ్‌సెట్ బేస్‌ను వెతుకుతున్నట్టు చూపిస్తూనే ఉంటే జత తెగింది. బేస్ బొత్తాం కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని, హ్యాండ్‌సెట్ మెనూలో నమోదు ఎంచుకుంటే జత కలుస్తుంది. రహస్య సంఖ్య అడిగితే చాలా వాటికి 0000.

నంబర్లు నిల్వ చేసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కు చేసినా ముందు సున్నా కొట్టాలి. పాత పుస్తకంలో చూసి పది అంకెలే ఎక్కించి, ఫోను పనిచేయడం లేదని గగ్గోలు పెట్టిన ఇళ్లకు నేను వెళ్లాను. బొత్తాం 1కి కూతురు, 2కి కొడుకు అని పెడితే అన్నిటికీ ముందు సున్నా ఉండాలి.

సోల్డరింగ్ పొగ

పెద్దాయన సలహాలో ఒక మెలిక ఉంది. రెండు ఫోన్లు ఒకే లైను మీద ఉన్నప్పుడు ఎర్ర ఫోను రిసీవర్ సరిగ్గా కూర్చోకపోతే లైను తెరిచే ఉంటుంది. అప్పుడు కార్డ్‌లెస్ కూడా మోగదు, బయటి నుంచి చేసేవారికి ఎంగేజ్ వస్తుంది. ముసలివాళ్ల ఇంట్లో ఇది మామూలు విషయం. ఆ ఫోనును చేతికి తగలని గోడకు బిగించండి.

కరెంటుకు వేరే దారి కూడా చెబుతాను, ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు. ఇన్వర్టర్ లేకపోతే మోడెంకు చిన్న 12 వోల్టుల బ్యాటరీ పెట్టె దొరుకుతుంది. దానికి రెండు పిన్నులు ఉన్నాయి కదా అని రెండోది తీసుకెళ్లి ఫోను బేస్‌కు గుచ్చకండి. బేస్‌లకు సాధారణంగా 5.5 లేదా 6.5 వోల్టులు కావాలి. అడాప్టర్ మీద అక్షరాలు చదివి, సరిపోతేనే. పిన్ను పట్టినంత మాత్రాన వోల్టేజి పట్టదు. ఉరుములు మొదలైతే రెండు ప్లగ్గులూ తీసేయండి. గాజు పోగు పిడుగును మోయదు గానీ కరెంటు తీగ మోస్తుంది.

నల్లగొండ పెద్దన్న

ఆ అన్నయ్యను నేనే. లింకు మా చెల్లే పంపింది, ఊరంతా తన వైపే ఉందని చూపించడానికి కాబోలు.

చెల్లీ, ఫైబర్ సంగతి నాకు తెలియదు, తెలిసింది. ఆ వాదన వదిలేస్తున్నాను. కానీ కార్డ్‌లెస్ వద్దని ఇప్పటికీ అంటాను. ఎందుకో నువ్వు అడగలేదు. సెల్లు అయిపోయినా, బేస్ ప్లగ్గు నాన్న తీసి ఫ్యాను పెట్టుకున్నా, జత తెగినా బస్సెక్కేది నేను. నువ్వు పుణె నుంచి ఫోను చేసి 'అన్నయ్యా, ఒకసారి చూసి రా' అంటావు. ఇక్కడ అందరూ బొత్తాం నొక్కితే సరి, రేకులు తుడిస్తే సరి అని రాస్తున్నారు. అమ్మకు ఆ మెనూ అక్షరాలే కనిపించవు.

జడ్చర్ల కోడలు

ఈ మాట మొదటి టపాలోనే ఉంటే సగం చర్చ తగ్గేది. అన్నగారూ, మీ కష్టం నిజం. అయితే అమ్మ రింగు అందుకోలేకపోతే కంగారుపడి మీకే కదా ఫోను వస్తుంది, 'ఎత్తడం లేదు, ఒకసారి చూసి రా' అని? బస్సు రెండు విధాలా తప్పడం లేదు.

నల్లగొండ పెద్దన్న

అదీ నిజమే. పోయిన దసరా ముందు అలాగే పరుగెత్తాను. ఇద్దరూ చేనులో ఉన్నారు.

సరే, షరతులు చెబుతాను. ఒకటే హ్యాండ్‌సెట్, వంటింట్లో. ఎర్ర ఫోను గోడకు. ఎక్స్‌టెన్షన్ పెట్టెలో బేస్ ప్లగ్గు మీద టేపు వేస్తాను, ఫ్యానుకు వేరే సాకెట్ పెట్టిస్తాను. మిర్యాలగూడ సార్ చెప్పిన సెల్లులు ఒక జత అదనంగా నువ్వు కొని పంపు, సంక్రాంతికి వచ్చినప్పుడు మార్చే పని నీది. ఇక నాన్నకు కుడి చెవి బాగా తగ్గింది, నీకు చెప్పలేదు. ఏ ఫోనైనా ఆయనకు స్పీకరులో వినిపిస్తేనే ఉపయోగం. ఇంటర్నెట్‌లో కొనకు. ఆదివారం ఆయనను నల్లగొండ తీసుకొచ్చి దుకాణంలో చెవికి పెట్టి చూపిస్తాను. ఏది వినిపిస్తే అదే కొందాం, తీగ ఉన్నదైనా సరే.

సోల్డరింగ్ పొగ

దుకాణంలో రింగు కూడా వినిపించమనండి. సన్నగా కీచుమనే రింగు చాలామంది పెద్దవాళ్లకు అందదు. రింగు రకం మార్చి, బొంగురుగా ఉన్నది పెట్టించండి. రింగు వచ్చినప్పుడు దీపం వెలిగే మోడల్ దొరికితే ఇంకా మంచిది.