24 లక్షల పర్మనెంటా, రోజుకు 11 వేల కాంట్రాక్టా?

ప్రశ్న: హైదరాబాద్, జావా బ్యాకెండ్ సాఫ్ట్‌వేర్ పని. సీటీసీ (కంపెనీ నా మీద ఏడాదికి పెట్టే మొత్తం) 24 లక్షలు. కాంట్రాక్ట్‌కి వెళ్తే రోజుకు 11 వేలు. ఏది మేలంటారు?

జవాబు: ఏడాది పనిదినాలు 260 అని దాంతో గుణించకండి. పండగలు, సెలవులు తీసేస్తే బిల్లయ్యేవి 230: అంటే 25.3 లక్షలు. మధ్యలో ఒక నెల ఖాళీ వచ్చిందా, 23కి దిగుతుంది. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఉండదు. నా ఓటు పర్మనెంట్‌కే.

జవాబు: పన్ను సంగతి వదిలేశారండీ. 2025-26 ఆర్థిక సంవత్సరానికి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 44ఏడీఏ కింద రాబడిలో సగమే ఆదాయంగా చూపిస్తే చాలు. 23 లక్షలకి 11.5. ఆ ఏడాది కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు (పన్ను మాఫీ), కాబట్టి పన్ను సున్నా. అదే జీతమైతే రెండు లక్షల పైనే కట్టాలి.

జవాబు: నిజమే, కానీ ఒప్పందం ఉద్యోగంలా ఉంటే (వాళ్ల హాజరు, వాళ్ల సెలవులు) ఐటీ శాఖ దాన్ని జీతమే అంటుంది, ఆ సగం లెక్క చెల్లదు. ఇంకోటి: ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. "11 వేలు ప్లస్ జీఎస్టీ" అని రాయించుకోండి. లేదంటే 18 శాతం అందులోంచే పోయి చేతికి 9,322 వస్తుంది.