స్కాలర్‌లో 212, స్కోపస్‌లో 61. అప్లికేషన్‌లో ఏ సైటేషన్లు రాయాలి?

జోడిపి_వెట్:
అందరికీ నమస్తే అండీ. నా ఎంవీఎస్సీ (వెటర్నరీ పీజీ), పీహెచ్‌డీ రెండూ నెల్లూరు గొర్రెల మీదే, ఆ జాతిలోని జోడిపి, పల్లా రకాల మందల్లో పిల్లల ఎదుగుదల గురించి. ఇప్పుడు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి అప్లై చేస్తున్నా, ఫారంలో మొత్తం సైటేషన్లు (నా పేపర్లని వేరేవాళ్ళు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారో ఆ లెక్క), వాటి నుంచి కట్టే హెచ్ ఇండెక్స్ అడిగారు. గూగుల్ స్కాలర్‌లో 212, హెచ్ ఇండెక్స్ 7 చూపిస్తోంది. స్కోపస్ అనే డేటాబేస్‌లో చూస్తే నా పేరు మీద రెండు ప్రొఫైళ్ళు ఉన్నాయి, ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఉత్త ఇనీషియల్, ఒకచోట 48, ఇంకోచోట 13. ఏది రాయాలి? ఇంకో బాధ కూడా ఉంది, మందల వెంట తిరిగి, కాపరులతో మాట్లాడి డేటా తెచ్చిన పేపర్‌కి మూడే సైటేషన్లు, గైడ్ గారితో కూర్చుని, అదివరకు వచ్చిన పేపర్లన్నీ కలిపి రాసిన రివ్యూకి మాత్రం మొత్తంలో సగం పైన. ఫీల్డ్ పనికి విలువ ఇంతేనా?

రాజేంద్రనగర్_అన్న:
తమ్ముడూ, రెండూ నిజమే, రెండూ రాయి. పక్కన స్కాలర్ అని, స్కోపస్ అని, ఏ తారీఖున చూసినవో అది కూడా పెట్టు, అప్పుడు ఎవ్వరూ ఏమనరు. తేడా ఎందుకొస్తదంటే స్కాలర్ నెట్‌లో దొరికిన థీసిస్‌లు, కాన్ఫరెన్స్ పేపర్లు, ఇంకా జర్నల్‌ల రాని ప్రీప్రింట్లు అన్నీ లెక్కలోకి తీసుకుంటది, స్కోపస్ మాత్రం తాను ఎంచుకున్న జర్నల్స్, పుస్తకాలు, ప్రొసీడింగ్స్‌లోంచి వచ్చినవే లెక్కేస్తది. మన పిల్లలు ఎంవీఎస్సీ థీసిస్‌లల్ల నీ పేపర్‌ని వాడుకుంటే అది స్కాలర్‌లనే కనిపిస్తది. ఫారంలో ఫలానా డేటాబేస్ అని అడిగితే మాత్రం అదొక్కటే రాయాలె.

లైబ్రరీ_మేడమ్:
బాబూ, ముందు ఆ రెండు ప్రొఫైళ్ళు కలిపించుకోండి. స్కోపస్‌లో ఆథర్ ఫీడ్‌బ్యాక్ అని ఉంటుంది, సబ్‌స్క్రిప్షన్ లేకపోయినా అక్కడ రిక్వెస్ట్ పెట్టొచ్చు. హెచ్ ఇండెక్స్ అనేది కూడికతో వచ్చేది కాదు, ఒకచోట 4, ఇంకోచోట 2 ఉంటే కలిపాక 6 అవ్వాలని లేదు, పేపర్లన్నీ ఒకచోటికి చేరాక మళ్ళీ లెక్కేస్తారు. కనీసం 5 సైటేషన్లున్న పేపర్లు 5 ఉంటేనే 5. ఈ పేరు గొడవ మన తెలుగువాళ్ళకి మరీ ఎక్కువండీ, ఇంటిపేరు ముందు, దాన్ని ఇనీషియల్ చేసేస్తాం, జర్నల్ వాళ్ళేమో చివర ఉన్న రెడ్డినో రావునో ఇంటిపేరు అనుకుంటారు, దాంతో స్కాలర్‌లో వేరే రెడ్డి గారి పేపర్లు కూడా మన ప్రొఫైల్లోకి వచ్చి కూర్చుంటాయి. మీ 212లో అలాంటివి ఉన్నాయేమో ఒక్కొక్కటీ చూసి తీసేయండి. పరిశోధకులకి ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఓర్సిడ్ నంబర్ తీసుకోండి, 16 అంకెలు ఉంటుంది, ఉచితమే, ఇక నుంచి ఏ పేపర్ పంపినా పేరు ఒకేలా రాసి ఆ నంబర్ ఇవ్వండి.

పాడి_డాక్టర్:
మన అగ్రికల్చర్, వెటర్నరీ సెలక్షన్లలో చాలాచోట్ల సైటేషన్ల కంటే నాస్ (జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ) జర్నల్స్‌కి ఇచ్చే రేటింగే ముందు చూస్తారు, అది కూడా రెడీగా పెట్టుకో. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్‌లో వచ్చిన పేపర్లకి సగటున వచ్చే సైటేషన్ల అంకె) ఉన్న జర్నల్‌కి 6 ప్లస్ ఆ ఫ్యాక్టర్, మొత్తం 20 దాటదు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేనివాటికి 6 లోపే. అది జర్నల్‌కి ఇచ్చే మార్కు, నీ పేపర్‌ని ఎంతమంది చదివారో దానికి సంబంధం లేదు.

ఇక నీ బాధ గురించి. రివ్యూలకి సైటేషన్లు ఎక్కువ రావడం అన్ని సబ్జెక్టుల్లోనూ ఉన్నదే, ఎవరైనా ఇంట్రడక్షన్ రాసేటప్పుడు పది పేపర్లు వెతికే బదులు ఒక్క రివ్యూ పెట్టేస్తారు. నెల్లూరు గొర్రె మీద పనిచేసేవాళ్ళు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు చెప్పు, ఆ పేపర్‌ని వాడుకునేది ఎక్కువగా గొర్రెల ఫారాల వాళ్ళు, పశువైద్యాధికారులు, వాళ్ళు పేపర్లు రాయరు కాబట్టి ఆ వాడకం ఏ డేటాబేస్‌లోకీ ఎక్కదు. నా మటుకు నేను ఇంటర్వ్యూ బోర్డులో ఉంటే ఆ మూడు సైటేషన్ల పేపర్ గురించే అడుగుతా. ఇంకోటి, నెల్లూరు అని వెతికితే బ్రెజిల్ వాళ్ళ నెలోర్ పశువుల పేపర్లు కుప్పలుగా వచ్చిపడతాయి, అవి మన ఒంగోలు సంతతే, కాబట్టి ఇకముందు టైటిల్‌లోనే గొర్రె అని, జాతి రకంతో సహా రాయి, లేకపోతే నీ పేపర్ వాటి కింద పడిపోతుంది.

జోడిపి_వెట్:
చాలా థాంక్స్ అన్నా, మేడమ్, సార్. స్కాలర్‌లో చూశా, కోళ్ళ మీద రాసిన పేపర్ ఒకటి ఉంది, నాది కాదు, తీసేశా. స్కోపస్‌కి రిక్వెస్ట్ పెట్టా. లాస్ట్ డేట్ లోపు కలపకపోతే ఏం చేయాలి?

లైబ్రరీ_మేడమ్:
రెండు ప్రొఫైళ్ళ ఐడీలూ రాసి, కలపమని అడిగిన మెయిల్ ప్రింట్ తీసి జత చేయండి. సైటేషన్లు 48, 13 అని విడివిడిగానే చూపించండి, హెచ్ ఇండెక్స్ కూడా అంతే.