మూడుసార్లు గర్భం నిలవలేదు, సైటోకైన్ జీన్ రిపోర్ట్ చూసి స్టెరాయిడ్ వాడొచ్చా?

నాకు 31 ఏళ్లు. మూడుసార్లు గర్భం పోయింది, మూడూ 7 నుంచి 9 వారాల మధ్యే. రెండుసార్లు గుండె చప్పుడు కనిపించాక ఆగిపోయింది. మూడోసారి పిండం కణజాలం పరీక్ష చేయిస్తే క్రోమోజోములు నార్మల్ అని వచ్చింది.

మా ఇద్దరి కేరియోటైప్ (క్రోమోజోముల పరీక్ష), నా థైరాయిడ్, షుగర్, గర్భసంచి 3డీ స్కాన్ అన్నీ బాగానే ఉన్నాయి. రక్తం గడ్డకట్టే ధోరణిని పెంచే యాంటీబాడీల కోసం చేసే లూపస్ యాంటీకోయాగులెంట్, కార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్ పరీక్షలు 12 వారాల తేడాతో రెండుసార్లూ నెగెటివ్. మూడో గర్భంలో ప్రొజెస్టిరాన్, ఆస్పిరిన్ వాడినా లాభం లేకపోయింది.

ఇప్పుడు ఒక సెంటర్‌లో సైటోకైన్ల (రోగనిరోధక కణాల మధ్య సంకేతాలు మోసే ప్రోటీన్లు) జీన్ ప్యానెల్ చేశారు: టీఎన్ఎఫ్-ఆల్ఫా −308 జీఏ, ఐఎల్-10 −1082 ఏఏ. ఇన్‌ఫ్లమేషన్ పెంచే సంకేతాలు (టీఎన్ఎఫ్) ఎక్కువ, తగ్గించేవి (ఐఎల్-10) తక్కువ అని చెప్పి, ఈసారి గర్భానికి ముందే ఇంట్రాలిపిడ్ (నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం), ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) మొదలుపెడదామంటున్నారు. నేను చదివినంతలో ఈ తేడాలు ఏ ఇబ్బందీ లేకుండా పిల్లల్ని కన్నవాళ్లలోనూ మామూలే. యూరప్‌లోని ఎష్రే (సంతాన వైద్య నిపుణుల సంఘం) గైడ్‌లైన్ అయితే ఈ జీన్ పరీక్షలే వద్దంటోంది. ఖర్చు సంగతి అలా ఉంచితే, స్టెరాయిడ్ అంటేనే టెన్షన్‌గా ఉంది (అది షుగర్ పెంచుతుందంటారు, మా అమ్మకు షుగర్ కూడా ఉంది).

ఇలాంటి రిపోర్ట్ వచ్చినవాళ్లు గానీ, ఈ విభాగం డాక్టర్లు గానీ చెప్పండి: మిగతావన్నీ నార్మల్‌గా ఉన్నప్పుడు ఈ జీన్ ఫలితం ఒక్కదాన్ని బట్టే ఈ మందులు వాడటం సబబేనా?